ఒక్క అక్షరమూ లేని ఆట

ఆ రోజు పొద్దున్న మౌనంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకి భార్య ఆఫీసుకి వస్తుంది. కుర్చీలో కూర్చుంటుంది. ఆయన నాలుగేళ్లుగా తయారుచేస్తున్న వీడియో గేమ్ ఆడుతుంది. పదకొండున్నర లోపల ఆటలోని చివరి గది తలుపు తెరుచుకుంటుంది. ఆ గది చూశాక ఆవిడ పన్నెండున్నర రైలు ఎక్కదు. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఆయన ధీమా. భార్యకి మాత్రం ఇందులో చెప్పింది ఒక్కటే ముక్క: "వెళ్లేముందు పదిన్నరకి ఒకసారి ఆఫీసుకి రా." ఎందుకని ఆవిడ అడిగింది. ఆయన బూటు లేసు కట్టుకోవడంలో మునిగిపోయారు.

మౌనంగారు అన్నది ఆయన అసలు పేరు కాదు లెండి. ఆయన ఆఫీసులో పనిచేసేది ఇద్దరే. ఆ ఇద్దరూ కలిసి చాటుగా పెట్టుకున్న పేరు. ఒకడు కోడు రాసే కుర్రాడు, ఆయనకి స్వయానా బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు. రెండోది బొమ్మలు గీసే అమ్మాయి. సొంతంగా ఆటలు చేసుకునే ఇలాంటి బుల్లి కంపెనీలు లోకంలో చాలా ఉంటాయి గానీ, మౌనంగారి కంపెనీకి ఉన్నంత పట్టుదల ఇంకెక్కడా ఉండదు. ఆటలో ఒక్క అక్షరం కనబడకూడదు. ఇటు వెళ్లు అని బాణం గుర్తు ఉండకూడదు. వీధి తలుపుకి గాని కిటికీకి గాని గడియ పెట్టి ఆడేవాళ్ల కాళ్లకి అడ్డం పడకూడదు. మనిషన్నవాడు తిరిగి, చూసి, తడుముకుని, తనంతట తను తెలుసుకోవాలి. చెప్పామా, చంపేశామన్నమాటే. ఈ సిద్ధాంతాన్ని కూడా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగులిద్దరూ రెండేళ్ల మీద వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారు.

బొమ్మలమ్మాయి ఒకసారి ఆగలేక ఆటలో ఒక మూల చిన్న బాణం గుర్తు గీసింది. దాంతో మౌనంగారు వారం రోజులు ఆమెతో మాట్లాడటం మానేశారు. అంతకుముందు కూడా పెద్దగా మాట్లాడేవారు కాదు కాబట్టి, మానేశారని తెలియడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది.

ఇంట్లోనూ ఇదే వరస. కూరలో ఉప్పు తక్కువైతే ఆ మాట అనరు. ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెడతారు. పెళ్లి చేసుకుందామని కూడా ఆయన నోరు తెరిచి అడగలేదు. ఆవిడ కాలి కొలతకి సరిపోయే కొత్త చెప్పుల జత ఒకటి కొని, గుమ్మంలో తన చెప్పుల పక్కన పెట్టి, ఆవిడని కాఫీకి పిలిచారు. ఆవిడ కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ ఆ చెప్పులు చూసి, ఒక నిమిషం నిలబడి, అవే వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజుల్లో అది ఆవిడకి ఎంత ముచ్చటేసిందో! స్నేహితురాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయింది. పదకొండేళ్లు గడిచాక ఆ ముచ్చట ఎంత మిగిలిందో ఆవిడ ఎవరికీ చెప్పడం లేదు.

నాలుగేళ్ల కిందట మేడ మీది చిన్న గదికి ఇద్దరూ కలిసి రంగు వేశారు. లేత పసుపు. అప్పుడు ఆవిడకి ఆరో నెల. ఏడో నెలలో ఆస్పత్రికి వెళ్లి, ఉత్త చేతులతో ఇద్దరే తిరిగొచ్చారు. మౌనంగారు మేడెక్కి ఆ గది తలుపు మూసి దిగి వచ్చారు. ఆ తర్వాత గది మాట ఎత్తలేదు. పాప మాట ఎత్తలేదు. ఏడవనూ లేదు, ఏడిస్తే ఎవరూ చూడలేదు. వారం తిరక్కుండా ఆఫీసుకి వెళ్లి కొత్త ఆట మొదలుపెట్టారు.

ఆ ఆటలో ఒక ఇల్లు. ఇంట్లో ఎటైనా తిరగొచ్చు, వాకిట్లోకి పోవచ్చు, రావచ్చు. మేడ మీద మాత్రం ఒక మూసిన తలుపు. తోస్తే తెరుచుకోదు. కొడితే తెరుచుకోదు. దాని ముందు నేల మీద కూర్చుని, ఏమీ నొక్కకుండా మూడు నిమిషాలు ఊరికే ఉంటే తెరుచుకుంటుంది. లోపల లేత పసుపు గోడలు, ఎండ, ఖాళీ ఉయ్యాల తొట్టి. తొట్టి పక్కన నేల మీద మోకాళ్లలో తల దూర్చుకుని ఏడుస్తున్న ఒక మగమనిషి. ఇంతవరకూ అరవై మంది ఆడి చూశారు. ఒక్కరూ ఆ తలుపు ముందు కూర్చోలేదు. కూర్చుంటే కదా ఆయన నాలుగేళ్లుగా చెప్పదలుచుకున్నది చెప్పినట్టయ్యేది!

భార్య ఫిజియోథెరపిస్టు. ఎక్కడో దూరాన ఉన్న ఆస్పత్రిలో ఉద్యోగం ఒప్పుకుంది. రెండేళ్లకని కాగితంలో ఉంది గానీ, తిరిగి వస్తుందో రాదో ఆవిడకే తెలియదు. సామాను సర్దుకుంటుంటే మౌనంగారి గుండె పిండేసినట్టయింది. ఆ బాధలో ఏం చెయ్యాలో తోచక, పెట్టె బరువుగా ఉంది కదా అని తనే ఎత్తి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. మొగుడికి ఇంత తొందరగా ఉందా అనుకుంది ఆవిడ.

ఇక ఆఫీసు సంగతి. కొత్తవాళ్లతో ఆట ఆడించే రోజున అక్కడ కొన్ని పద్ధతులు ఉంటాయి. సెల్‌ఫోన్లన్నీ ఒక రేకుడబ్బాలో పడేసి తాళం వేస్తారు. తాళంచెవి మౌనంగారి జేబులో. ఆడే మనిషిని హాల్లో గోడవైపు తిప్పిన కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వేలు పెదాల మీద పెట్టి చూపిస్తారు. పేరు అడగకూడదు, పలకరించకూడదు, అడిగినదానికి బదులు చెప్పకూడదు. మౌనంగారు లోపలి గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. ఆడే మనిషి ఆయనకి కనబడరు. ఆ మనిషి ముందున్న తెర మీద ఏం జరుగుతోందో అదే ఆయన తెర మీదా కనబడుతుంది, అంతే. మొహాలు చూస్తే జాలి కలుగుతుందిట. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపూ ఎవరూ తట్టకూడదు. ఏదైనా కావలిస్తే ఆయనే చీటీ రాసి తలుపు కిందనుంచి బయటికి తోస్తారు. బయటనుంచి లోపలికి మాత్రం చీమ కూడా వెళ్లకూడదు. ఇది నాలుగో రూలు.

"పదిన్నరకి ఒకరొస్తారు. కూర్చోబెట్టండి," అన్నారు మౌనంగారు ఆ పొద్దున్న. ఎవరో చెప్పలేదు. చెబితే బావమరిది తన అక్కకి ఎక్కడ సైగ చేసేస్తాడోనని భయం. లోపలికి వెళ్లి, తలుపేసుకుని, ఎర్ర బల్బు వెలిగించుకున్నారు.

పదీ ఇరవై అయిదుకి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో సంచీ, చొక్కా జేబులో మూడు పెన్నులు. ఆయన మంటలార్పే ఎర్ర సిలిండర్లూ, మెట్లూ, అలారాలూ తనిఖీ చేసే ఉద్యోగి. ముప్ఫై ఏళ్ల సర్వీసు. "నమస్కారమమ్మా, నేను..." అన్నాడో లేదో, బొమ్మలమ్మాయి వేలు పెదాల మీద పెట్టేసింది. సంచీ అందుకుంది. కుర్చీ చూపించింది. బావమరిది వెనకనుంచి వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించేశాడు.

పెద్దాయన కాసేపు బిక్కమొహం వేశాడు. తెర మీద ఇల్లు కనబడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కిందటి నెలే వాళ్ల శాఖలో అందరికీ కంప్యూటర్ శిక్షణ ఇచ్చారు. ఇకమీదట తనిఖీలన్నీ తెర మీదే ఉండొచ్చన్నారు. 'అప్పుడే వచ్చేసిందన్నమాట! నా మీదే మొదటి పరీక్ష పెట్టారు కాబోలు,' అనుకుని, నోటు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని పనిలోకి దిగాడు.

లోపల మౌనంగారు తెరకి మొహం ఆనించి కూర్చున్నారు. ఆట మొదలవగానే ఆడే మనిషి తిన్నగా వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. మళ్లీ లోపలికి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఇలా నాలుగుసార్లు. గుమ్మం దాటడానికి ఎన్ని అడుగులు పడుతుందో పెద్దాయన లెక్క రాసుకుంటున్నాడు. "వెళ్లలేక వెళ్తోంది," అని గొణుక్కుని మౌనంగారు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ మనిషి వంటింట్లో పొయ్యి ముందు నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడింది. గ్యాసు సిలిండరు పొయ్యికి మరీ దగ్గరగా ఉందని పెద్దాయన అరపేజీ రాస్తున్నాడు. తామిద్దరూ ఆదివారం పూట కలిసి వంట చేసుకున్న రోజులు గుర్తొచ్చి ఆవిడ అక్కడే ఆగిపోయిందని మౌనంగారు వెక్కివెక్కి ఏడ్చారు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. గోడకి ఇవతల ఎవరికీ వినబడలేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది. కింద కారు ఆగి ఉంది, అందులో పెట్టెలు. మెట్లెక్కి వచ్చి హాలు గుమ్మంలో నిలబడగానే బొమ్మలమ్మాయి పరుగున వచ్చి, "అక్కా, హుష్!" అని రెక్క పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. బావమరిది కూడా వచ్చాడు.

"మీ బావ రమ్మన్నాడురా," అంది ఆవిడ.

"లోపలున్నాడక్కా. ఎర్ర లైటు. ఎవరో ఆడుతున్నారు."

"ఎంతసేపు?"

"ఆడేవాళ్లని బట్టి. కిందటివారం ఒకాయన మూడు గంటలు ఆడాడు."

"నాకు పదకొండున్నర దాకానే టైముంది. నేనొచ్చానని చెప్పు."

"చెప్పకూడదక్కా."

"మీ ఆఫీసులో చెప్పదగ్గది ఏమైనా ఉందట్రా?"

ఆవిడ కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అంది: "ఒక్క మాట వినడానికి వచ్చాన్రా. పదకొండేళ్లలో మొదటిసారి తనంతట తను రమ్మన్నాడు. వెళ్లొద్దు అనక్కర్లేదు. నాకూ బాధగానే ఉంది అన్నా చాలు. కారులోంచి పెట్టెలు నేనే దింపేసుకుంటాను."

తమ్ముడు రూలూ లేదు, గీలూ లేదని ఒక చీటీ మీద 'బావా, అక్క వచ్చింది, వరండాలో ఉంది' అని రాసి లోపలి గది తలుపు కిందనుంచి తోశాడు. అర నిమిషంలో మడత కూడా విప్పకుండా అదే చీటీ తిరిగి బయటికి వచ్చింది. పై మడత మీద ఎర్ర సిరాతో 'రూలు 4' అని ఉంది.

అది తీసుకెళ్లి అక్కకి చూపించాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి బొమ్మలమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది.

అంతలో లోపల పెద్ద గండం వచ్చిపడింది. ఆడే మనిషి మేడెక్కింది. మూసిన తలుపు దగ్గరికి వచ్చింది. ఆ మనిషి తలుపుని ఎనిమిదిసార్లు తోసి, ఇక లాభం లేదన్నట్టు గిరుక్కున తిరిగి, మెట్లు దిగి, మళ్లీ వీధి గుమ్మం వైపు నడిచింది. ఈసారి గేటు దాకా వెళ్లిపోయింది. అక్కడనుంచి ఇంకో పది అడుగులు వేస్తే ఆట ముగుస్తుంది. మౌనంగారు గబగబా చీటీ రాసి బయటికి తోశారు.

బావమరిది చదివి కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. 'వీధి తలుపు మూసెయ్యి. గేటు కూడా.'

"ఏ తలుపుకీ గడియ ఉండకూడదని నన్ను రెండేళ్లు చంపుకు తిన్నది ఈయనేనా?" అన్నాడు. అయినా చెప్పిన పని చెయ్యక తప్పుతుందా? తన కంప్యూటర్‌లో నాలుగు మీటలు నొక్కాడు. పెద్దాయన కళ్లముందే గేటు మూసుకుంది. వెనక్కి వస్తే, ఆయన్ని లోపలికి రానిచ్చి మరీ వీధి తలుపు కూడా బిగుసుకుంది. ఆయన కనుబొమలు ముడిచి పెరటి వైపు నడిచాడు. రెండో చీటీ వచ్చింది: 'పెరటి తలుపు.' పెద్దాయన కిటికీల వైపు చూశాడు. మూడో చీటీ: 'కిటికీలన్నీ.'

నాలుగో చీటీ చదివి బొమ్మలమ్మాయి కుర్చీలో కూలబడింది. 'మేడ మీది తలుపు వైపు బాణం గుర్తు పెట్టండి. పెద్దది.' బాణం గుర్తు! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గుర్తు కోసం ఆమె పడ్డ మాటలు... పోనీ, పడని మాటలు ఆమెకి తెలుసు. పాత ఫైల్లోంచి బాణం తీసి అతికించింది. అయిదో చీటీ మీద ఉన్నది రెండే అక్షరాలు. అవి తలుపు మీద రాయమని కింద గీత గీసి ఉంది. 'కూర్చో.'

ఒక్క అక్షరం లేకుండా నాలుగేళ్లు కాపాడుకున్న ఆటలో అలా మొదటి మాట పడింది. ప్రాణంలా చూసుకున్న సిద్ధాంతాన్ని ఆ మనిషి పది నిమిషాల్లో తన చేత్తో తనే చించి పోగులు పెట్టారు. భార్య కోసం ఇంతకంటే ఏం చెయ్యగలరు పాపం! చేసింది భార్యకి కాకపోవడం వేరే సంగతి.

ఈ చీటీలన్నీ చేత్తో పట్టుకుని తమ్ముడు తల గోక్కుంటూ వరండాలోకి వచ్చాడు. "మీ ఆయనకి మతి పోయిందక్కా. ఇవి చూడు."

ఆవిడ ఒక్కొక్కటే చదివింది. ఆఖరిది చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

"ఆ కుర్చీలో ఉన్నది ఎవర్రా?"

"ఎవరో పెద్దాయన. పేరు అడగకూడదుగా."

"ఎవరొస్తారని చెప్పాడు మీ బావ?"

"పదిన్నరకి ఒకరొస్తారన్నాడు, అంతే."

"నన్నూ పదిన్నరకే రమ్మన్నాడు," అంది ఆవిడ.

తమ్ముడు "కొంప మునిగిందక్కోయ్!" అని హాల్లోకి పరిగెత్తాడు, ఈసారి ఎర్ర లైటు ఉన్నా సరే తలుపు బద్దలు కొట్టడానికే.

కానీ పెద్దాయన అప్పటికే కుర్చీలోంచి లేచాడు. ఆయన బాధ ఆయనది. ముప్ఫై ఏళ్లలో ఎన్నో కొంపలు చూశాడు గానీ ఇలాంటిది చూడలేదు. మనిషి లోపల ఉండగా ఒక్కొక్క దారీ మూసుకుంటూ వచ్చి, ఆఖరికి తెరుచుకోని తలుపు వైపు బాణం గుర్తు పెట్టి, దాని ముందు 'కూర్చో' అని రాస్తారా? వెనక్కి తిరిగి చూస్తే ఈ ఆఫీసులోనూ మూసిన తలుపు, దాని మీద ఎర్ర దీపం. ఒక కుర్రాడు దాని మీద పడి దబదబా బాదుతున్నాడు.

"ఆ గదిలో మనుషులున్నారా?" అని అరిచాడు పెద్దాయన.

బొమ్మలమ్మాయి అలవాటు కొద్దీ వేలు పెదాల మీద పెట్టింది.

ఇంకేముంది, ఆయన రెండంగల్లో వరండాలోకి వెళ్లి, గోడకున్న గాజు పగలగొట్టి అలారం నొక్కేశాడు.

అయిదంతస్తుల భవనం ఒక్కసారి ఘొల్లుమంది. పైనుంచి ట్యూషన్ పిల్లలు, నాలుగో అంతస్తు నుంచి పంటి డాక్టరు, ఆయన వెనకాల నోరు తెరిచి పెట్టుకున్న ఒక పేషెంటు, కిందనుంచి కళ్లజోళ్ల దుకాణం వాళ్లు, అందరూ మెట్ల మీద పడ్డారు. ఆ తోపులాటలో తమ్ముడు ఒక వైపు, అక్క ఒక వైపు కొట్టుకుపోయారు. మౌనంగారు లోపలి గది తలుపు తీసుకుని హాల్లోకి ఉరికారు. కుర్చీ ఖాళీ! బల్లల కిందా, బీరువా వెనకాలా, చివరికి స్నానాల గదిలో కూడా వెతికారు. పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోతే తప్ప కదల్లేదు. అందరికంటే ఆఖరున వీధిలోకి దిగింది మౌనంగారే.

వీధికి అవతల కారు పక్కన ఆవిడ నిలబడి ఉంది. ఫైరింజను వస్తోంది, బళ్లు తియ్యండి, తియ్యండి అని ఒక పోలీసు ఈల వేస్తున్నాడు. మౌనంగారు రొప్పుతూ ఆవిడ దగ్గరికి వెళ్లారు.

"నువ్వు... ఆట మధ్యలో వచ్చేశావేం?"

"ఆడింది నేను కాదు. ఆయన."

పెద్దాయన రోడ్డు మధ్యన నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. మెడకి హెడ్‌ఫోన్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మౌనంగారు ఆయన్ని గుడ్లప్పగించి చూశారు. ఇంతసేపూ తను చదివింది ఎవరి మనసో, వంటింటి దగ్గర తను ఏడ్చింది దేనికో ఒక్కొక్కటిగా అర్థమై మొహం పాలిపోయింది.

"అయితే నువ్వు చివరి గది చూడలేదు," అన్నారు. "ఒక్క అరగంట. అలారం ఆపేస్తారు. పైకి రా. ఒక్కసారి ఆడు."

"చూశాను."

"ఏది?"

"పసుపు గది. రెండు నెలలైంది. తమ్ముడు ల్యాప్‌టాప్ మనింట్లో మర్చిపోయిన రోజు."

ఇక్కడ మౌనంగారు అనవలసిన మాటలు ఎన్ని లేవు! దారిన పోయే దానయ్యని పిలిచి అడిగినా నాలుగు చెప్పేవాడు. ఆయన మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

"ఎవరూ చెప్పకుండానే? తమ్ముడు కూడా?"

"ఎవరూ చెప్పలేదు."

"అరవై మందిలో ఒక్కళ్లకీ తట్టలేదు, తెలుసా! తలుపు ముందు కూర్చోవాలని నీకెలా తట్టింది?"

"అలవాటు."

"అంటే?"

"నువ్వు ఆఫీసుకి వెళ్లాక రోజూ మేడెక్కి ఆ తలుపు ముందే కూర్చునేదాన్ని."

"ఎంతసేపు?" అనేశారు మౌనంగారు. నాలుగేళ్లుగా ఆట ఆడిన ప్రతివాళ్ల గురించీ రాసుకునే ప్రశ్న అది, నోటికి వచ్చేసింది.

"ఆటలోనా? ఇంట్లోనా?"

మౌనంగారి మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆవిడ ఆయన చొక్కా మీద అంటుకున్న దుమ్ము దులిపింది. బీరువా వెనకాల వెతికినప్పుడు అంటుకున్నది.

"ఆ గదిలో ఏడుస్తున్న మనిషిని చూసి నేనూ ఏడ్చాను," అంది. "నేనొక్కదాన్నే కాదన్నమాట అనుకుంటే ఎంత తేలికైందో! ఆ సాయంత్రం నువ్వొచ్చి చెప్తావనుకున్నాను. మర్నాడు చెప్తావనుకున్నాను. నెల రోజులు చూశాను. ఉద్యోగానికి సరేనని రాసింది ఆ తర్వాతే. ఆట బాగుంది. అందులో ఏమీ మార్చకు. నేను కనుక్కోవలసింది నేను కనుక్కున్నాను. ఇంక నువ్వు చెప్పు."

మౌనంగారు నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. చెప్పాలని లేక కాదు; అంత దుఃఖం ఏ మాటతో మొదలుపెట్టాలో ఆ మనిషికి నిజంగా తెలియలేదు. ఆయన చెయ్యి గాలిలో ఏదో చూపించబోయింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, "నోటితో," అంది. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఎదురుచూసింది. పోలీసు వచ్చి కారు మీద అరచేత్తో కొట్టాడు. "మేడమ్, ఇక్కడ ఆపనివ్వట్లేదు," అన్నాడు డ్రైవరు. ఆవిడ ఇంకాస్త ఎదురుచూసింది. తర్వాత తలుపు తీసుకుని కూర్చుంది.

కారు కదిలింది. కళ్లజోళ్ల దుకాణం దాటి, ట్యూషన్ పిల్లల గుంపు దాటి, మలుపు తిరిగింది. అలారం ఆగిపోయింది. తమ్ముడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఖాళీ రోడ్డు చూసి, ఆయన మొహం చూసి, పక్కన నిలబడ్డాడు. మౌనంగారి గొంతు అప్పుడు పెగిలింది. కన్నీళ్లు కారిపోతుంటే, జన్మలో ఎన్నడూ అననంత గట్టిగా, "వెళ్లొద్దు!" అన్నారు.

హెడ్‌ఫోన్లు తిరిగి ఇచ్చేద్దామని వెనకాలే వచ్చి నిలబడ్డ పెద్దాయన వాటిని మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టి, "లేదండీ, వెళ్లాలి, ఇంకా మూడు ఆఫీసులు చూడాలి," అన్నాడు.